నలుగురికి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ పుస్తకం కాలేజీది. హాజరు వేయడానికి ఇచ్చారు. పిల్లలు ఎట్లాగూ రావడం లేదు, ఇంటికి తెచ్చుకున్నాను.

ఇవాళ మా ఊరు గరిడేపల్లిలో పొలాల కాడ పంచాయితీ. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు బోర్లు. నాది, దుర్గయ్య మామది, లింగస్వామిది, చివరన సుక్కమ్మత్తది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దాదాపు నా వయసుంటుంది, నూనె కారుతోంది. లైన్‌మన్ తేల్చి చెప్పాడు. "ఒక మోటరు నడిస్తే ఇంకోటి నడవొద్దు. రెండు ఒక్కపారే ఎత్తుకున్నయా, కాలిపోతది. కొత్తది ఎండకాలం దాటినంకనే."

పోయిన యాసంగిలో రెండుసార్లు కాలింది. ఎవరి వల్ల అని అడిగితే ఎవరి వల్లా కాదట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. అసలు దొంగ ఆటో. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటరు దానంతట అదే ఎత్తుకునే మీట. స్టార్టర్ డబ్బా దాకా నడిచే పని తప్పుతుందని పెట్టుకుంటారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. సుక్కమ్మత్తకు ఒక్కదానికే ఆటో లేదు. ఆమె మోటరు పక్కనే కూర్చుంటుంది.

నాకు నవ్వొచ్చింది. రోజూ బస్సెక్కి పోయే కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా నేను చెప్పే పాఠం ఇదే. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, మూడో యూనిట్. వస్తువు ఒకటి, వాడుకునేవాళ్లు నలుగురు, ఎక్కడి వాళ్లు అక్కడ. ఒకరు వాడుతుంటే ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. దీన్నే మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అంటారు. టోకెన్ ఒకటి పెట్టుకుని చేతులు మార్చుకోవచ్చు, లేదంటే మిగతా అందరినీ అడిగి సరే అనిపించుకోవచ్చు, లేదంటే ఒకరిని పెద్దగా పెట్టుకుని అతను చెప్పినట్టు నడవొచ్చు. పదకొండేళ్లలో ఒక్క పిల్లవాడు కూడా దీనితో ఏం పని సార్ అని అడగలేదు. ఇవాళ పని పడింది.

లేచి చెప్పాను. ముందు అందరూ ఆటోలు దించాలన్నాను. "సదువుకున్నోనివి, నువ్వెట్లంటే అట్లనే శ్యామూ" అన్నాడు దుర్గయ్య మామ. సుక్కమ్మత్త మాత్రం చీర చెంగు దోపుకుంటూ అన్నది: "సారూ, నాది రెండెకరాల కౌలు. అందరికన్న ముందుగాల నాటేసిన. వచ్చే నెల పొట్టకొస్తది, లోపల కంకి కడ్తది. పొట్ట మీద నాలుగు దినాలు నీళ్లు తప్పినయంటే అంతా తాలే, గింజ పట్టదు. నాకు గదొక్కటే ఉన్నది. యాదుంచుకో."

యాదుంచుకుంటానన్నాను. నా ఆటో కూడా దించాను.

ఫిబ్రవరి 18

మొదటి పద్ధతి, టోకెన్. దుర్గయ్య మామ తన ఎర్ర తువ్వాల ఇచ్చాడు. తువ్వాల ఎవరి స్టార్టర్ డబ్బా మీద ఉంటే వాళ్లదే మోటరు. ఒక్కొక్కరికి ఆరు గంటలు, అవి కాగానే పక్కవాళ్ల డబ్బా మీద వేయాలి. నా నుంచి మామకు, మామ నుంచి లింగస్వామికి, లింగస్వామి నుంచి సుక్కమ్మత్తకు, మళ్లీ నాకు.

ఫిబ్రవరి 20

నడుస్తోంది. రెండు రోజులుగా ఒక్క తగాదా లేదు. సూర్యాపేటకు ఫోన్ చేసి రజితకు చెప్పాను. ఆమె అక్కడ బడిలో టీచరు, కిరాయి గదిలో ఉంటుంది, ఆదివారాలు వస్తుంది. "నీ భార్యకు చెప్తున్నవా, క్లాసుకు చెప్తున్నవా?" అన్నది. పేపరు రాసి పంపుదామా అని ఆలోచిస్తున్నాను. పేపరంటే పత్రికకు కాదు, జర్నల్‌కు.

ఫిబ్రవరి 22

తువ్వాల లేదు.

పొద్దుటి నుంచి నాలుగు మోటార్లూ బంద్. నాలుగు డబ్బాలు వెతికాము, గట్లు వెతికాము, లింగస్వామి గేదెను కూడా అనుమానించాము. మధ్యాహ్నం దుర్గయ్య మామ ఫోన్ ఎత్తాడు. సూర్యాపేటలో వియ్యంకుడి ఇంట్లో ఫంక్షన్‌లో ఉన్నాడు. తువ్వాల ఆయన భుజం మీద ఉంది.

"బస్సెక్కేటప్పుడు సూసుకుంటె భుజం ఉట్టిగుంది శ్యామూ. వియ్యంకుని ఇంటికి ఉట్టి భుజంతోని పోతరా? ఇజ్జత్ ఏమున్నది? డబ్బా మీద కనవడ్డది, ఏసుకున్న."

టోకెన్ పోతే కొత్త టోకెన్ పుట్టించాలని పుస్తకంలో ఉంది. లింగస్వామి పోయి కొత్త ఎర్ర తువ్వాల కొనుక్కొచ్చాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున మామ తువ్వాలతో దిగాడు. ఇప్పుడు తువ్వాలలు రెండు. మోటార్లు రెండు. ఫ్యూజులు ఎగిరిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎట్లా బతికిందో తెలియదు.

కొత్త టోకెన్ పుట్టించే ముందు పాతది నిజంగా పోయిందని రూఢి చేసుకోవాలి. ఈ వాక్యం నేను పదకొండేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. రజిత అన్నం పెడుతూ నవ్వింది. నవ్వవలసిన విషయం కాదు.

ఫిబ్రవరి 24

రెండో పద్ధతి, అందరి అనుమతి. వాట్సాప్ గ్రూపు పెట్టాను. నీళ్లు కావాలన్నవాళ్లు అడగాలి, మిగతా ముగ్గురూ సరే అనాలి. మోటరు నడిపిస్తున్నవాళ్లు పని అయ్యాకే సరే అనాలి. ఇద్దరు ఒకేసారి అడిగితే గొడవ రాకుండా ప్రతి అడుగుడికీ ఒక అంకె. గ్రూపులో చూసిన పెద్ద అంకెకు ఒకటి కలిపి వేయాలి. చిన్న అంకె ఉన్నవాళ్లు ముందు. సుక్కమ్మత్తది బటన్ల ఫోను, కాబట్టి ఆమె మిస్డ్ కాల్ ఇస్తే సరే అన్నట్టు.

లింగస్వామి వేసిన అంకె ఒకటి. మళ్లీ అడిగినప్పుడూ ఒకటి. అట్లా కాదన్నాను. "ఒకటి కన్న ముందు ఏముంటది సారూ? లైన్ల నేనే ముందుండాలంటే ఒకటేసుడే గద!" సాయంత్రానికి దుర్గయ్య మామ సున్నా వేశాడు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

గ్రూపులో ఎనభై నాలుగు మెసేజ్‌లు. ఎనభై ఒకటి శివుడి బొమ్మలు. మూడు నీళ్ల గురించి.

ఫిబ్రవరి 28

లింగస్వామి అడిగి పూట గడిచింది. దుర్గయ్య మామ సరే అనడం లేదు. మనిషి బాగానే ఉన్నాడు, ఇంటి ముందర కూర్చుని బీడీ తాగుతున్నాడు. పోయి అడిగాను.

"వానికి నేను సరే అనాల్నా? ఆరేండ్ల కింద వాడు గట్టు జరిపిన నాటి సంది వానితోని మాట బంద్."

"మాట్లాడొద్దు మామా, ఒక్క వేలితో నొక్కు చాలు."

"ఏలు గూడ నాదే గద."

జవాబు రాకపోతే అవతలివాడు పోయాడో, అలిగాడో ఏ అల్గారిథమ్ చెప్పలేదు. ఇంకోపక్క సుక్కమ్మత్త మిస్డ్ కాల్ ఇస్తే మామ ఠక్కున ఎత్తి పావుగంట బాగోగులు అడుగుతున్నాడు. అది సరేనా కాదా అని నన్ను అడుగుతున్నారు. ఇంత గందరగోళంలో సుక్కమ్మత్త మడికి నిన్న నీళ్లు అందలేదు. పగుళ్లు పడుతున్నాయట. "పొట్ట కట్టే యాళ్లయింది సారూ" అన్నది. కోపంగా అంటే బాగుండేది.

మార్చి 2, ఆదివారం

మూడో పద్ధతి, ఒక పెద్ద. పెద్ద ఎవరు అంటే నేనే. నేను అడగలేదు, ఇంకెవరూ లేరు.

మార్చి 3

క్లాసు మధ్యలో నాలుగు ఫోన్లు. "సుక్కమ్మత్తా, బంద్ చెయ్యి. లింగన్నా, ఇగ నువ్వు ఎయ్యి." నా సర్వీసులో మొదటిసారి క్లాసంతా చెవులు రిక్కించి విన్నది. వెనక బెంచీ పిల్ల లేచి "సార్, సుక్కమ్మగారికి మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది. మూడో యూనిట్‌లో ఇది మొదటి సందేహం.

మార్చి 6

నా వంతు పొద్దున, బస్సుకు ముందు. ఇవాళ నా వంతులోనే కరెంటు పోయి వచ్చింది. మళ్లీ మోటరు వేయడానికి కిలోమీటరు నడిచిపోవాలి. పోలేదు, వంతు దండగైంది.

అందుకని నా వంతు వరకే ఆటో పైకి పెట్టుకుందామని నిర్ణయించాను. వంతు అయ్యాక దించేస్తాను. ఎవరి వంతు ఎప్పుడో నాకు తెలుసు కాబట్టి ప్రమాదమేమీ లేదు. ఇది నియమం తప్పడం కాదు. పెద్దకు కొన్ని వెసులుబాట్లు ఉంటాయి.

మార్చి 8

నా వంతు ఒక గంట పెంచాను. సాంకేతిక కారణాలు.

మార్చి 10, సోమవారం

ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మధ్యాహ్నం, సుక్కమ్మత్త వంతులో. నేను పరీక్ష డ్యూటీలో ఉన్నాను, ఫోన్ ఆఫ్. కారణం తెలియదు.

మార్చి 11

తెల్లవారగానే పొలానికి పోయాను. నా డబ్బాలో ఆటో మీట పైకి ఉంది. దించాను. ఇప్పుడు కిందికే ఉంది.

నిన్న పరీక్షకు ఆలస్యమవుతుందని మోటరు ఆపి పరుగెత్తాను. మోటరు మాత్రం ఆపాను, అది ఖాయం. కాలిపోవడానికి వేరే కారణాలు చాలా ఉండొచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్, ఎండ, నూనె.

పది గంటలకు పంచాయితీ. అందరి కళ్లూ లింగస్వామి మీదే. అంకె ఒకటి వేసినవాడు వాడే కదా. "నా ఆటో దించే ఉన్నది, అమ్మతోడు" అన్నాడు. నేను పెద్దరికంగా "ఇప్పుడు ఎవరినీ అనుమానించొద్దు" అన్నాను. ఎట్లా అన్నానంటే అందరూ వాడినే అనుమానించారు. వాడు తల దించుకుని, ట్రాన్స్‌ఫార్మర్ మిర్యాలగూడ తీసుకుపోవడానికి తన ట్రాక్టరే తెస్తానన్నాడు.

రజిత ఫోన్ చేసింది. ఎట్లా కాలిందని అడిగింది. పాతది కదా అన్నాను.

మార్చి 12, బుధవారం

ఇవాళ జరిగిందంతా రాస్తాను.

లింగస్వామి, సుక్కమ్మత్త, నేను పొద్దున్నే మిర్యాలగూడ చేరాము. లింగస్వామి ట్రాక్టర్‌లో కూర్చోనని దుర్గయ్య మామ రాలేదు. రిపేరు షెడ్డు ముందర ట్రాక్టర్ల వరస. అందరివీ కాలినవే. మాకు పదకొండో నంబరు చీటీ ఇచ్చారు. రోజుకు నాలుగు చేస్తారట. లెక్క సుక్కమ్మత్తే వేళ్ల మీద వేసింది. నీళ్లు ఆగింది సోమవారం మధ్యాహ్నం. నాలుగు దినాలంటే శుక్రవారం మధ్యాహ్నం. పదకొండో నంబరు తేలేది శుక్రవారం సాయంత్రం. తీసుకుపోయి ఎక్కించేసరికి శనివారం. ఆమె పొలం పొట్ట మీద ఉంది.

షెడ్డులో జవహర్ కనిపించాడు. మా కాలేజీలో చదివినవాడే, ఇప్పుడు ఇక్కడ పనిచేస్తున్నాడు. పక్కకు పిలిచాడు. "సార్, మీది మూడో నంబర్ల కలిపేస్తా. చీటీలు నా చేతులనే ఉన్నయ్. ఎవ్వరికీ తెల్వది."

నేను ఒప్పుకోలేదు. ముందు వచ్చినవాడికి ముందు అందాలి, అదే న్యాయం, నేను మీకు చెప్పిన పాఠమే అది, అన్నాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను, నలుగురూ వినాలని. వాడు సిగ్గుపడి లోపలికి పోయాడు. నా మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవం అయిదు నిమిషాలు ఉంది.

సుక్కమ్మత్త నన్ను టీ కొట్టు పక్కకు రమ్మన్నది.

"సారూ, మీట నీదే."

నేను ఏ మీట అన్నాను.

"నేను మోటరు కాడనే కూసున్న గద. కరెంటు పోయి మల్లొచ్చింది, నేను పచ్చ బటను నొక్కిన. గప్పుడే నీ పైపుల నీళ్లు దుంకినయ్. రెండు చెంబులు గూడ రాలే, ఢమ్మన్నది."

నిన్న పంచాయితీలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమైతది? నలుగురు నిన్ను తిడ్తరు. నువ్వు మొకం మాడ్సుకొని కోదాడ వోతవ్. నా పొలానికి నీళ్లొస్తయా? మిర్యాలగూడల నీ కాడ సదివిన పోరలు ఉంటరని నాకెర్క. గందుకే నోరు మూసుకున్న, అక్కరకొస్తదని. గిప్పుడు అక్కరొచ్చింది. పో, నంబరు ముందుకు తే."

"అత్తా, అది అన్యాయం. ముందున్నోళ్లు కూడా రైతులే కదా."

ఆమె నన్ను పై నుంచి కిందికి చూసింది. "మరి నిన్న లింగస్వామిని దొంగను జేస్తుంటె నీ న్యాయం యాడికి వోయింది? సూర్యాపేటకా?"

చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారు, ఆ తర్వాతి ముక్క ఇక్కడ రాయను. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు. ఎవరూ చూడకుండా ఆ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వెనక కూర్చుందామనిపించింది.

జవహర్ దగ్గరకు పోలేదు. వాడి ముందు మాట మార్చే ముఖం నాకు లేదు, పైగా ముందున్నవాళ్ల పొలాలు ఏ దశలో ఉన్నాయో నాకు తెలియదు. అడిగితేనే తెలుస్తుంది. ముందుగా లింగస్వామి దగ్గరకు పోయాను. ట్రాక్టర్ మీద పడుకుని ఉన్నాడు. ఆటో నాదే లింగన్నా అని చెప్పాను. లేచి కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను.

"నిన్నటి సంది నా పెండ్లాం గూడ నన్నే అంటుంది సారూ" అన్నాడు. కళ్లలో నీళ్లు. కొడితే నయముండేది.

ఊరందరి ముందూ చెప్తానన్నాను. ఇప్పుడు ముందున్న పదిమందినీ అడగబోతున్నానని కూడా చెప్పాను. వాడు దిగి నా వెంట వచ్చాడు, సుక్కమ్మత్త కూడా వచ్చింది.

మొదటి ఇద్దరివీ అప్పటికే షెడ్డులో విప్పేశారు, వాళ్లను అడగడానికి ఏమీ లేదు. మిగిలినవాళ్లు ఎనిమిది మంది. పోయి నిలబడితే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఎట్లా కాలింది? ఎనిమిదిసార్లు చెప్పాను. కోదాడలో లెక్చరర్‌ను, నియమం పెట్టింది నేనే, తప్పింది నేనే, కాల్చింది నేనే, నీళ్లు ఆగింది ఈమెకు, ఈమె పొలం పొట్ట మీద ఉంది, మీది ఏ దశలో ఉంది? ఒకాయన సరిగా వినలేదన్నాడు. మళ్లీ చెప్పబోతుంటే లింగస్వామి "గట్టిగ చెప్పు సారూ, నాకు గూడ మంచిగనిపిస్తుంది" అన్నాడు.

మూడో నంబరు అనంతగిరి నుంచి వచ్చిన రాందాస్. "నాది గూడ పొట్టనే" అన్నాడు. మేము ఇంకో మాట అడగలేదు. సుక్కమ్మత్తే "నువ్వే ముందు పో బిడ్డా" అన్నది. నాలుగో ఆయనది పిలకల దశ, వారం ఆగుతుందన్నాడు. ఇద్దరికి కాలువ నీళ్లు అందుతున్నాయి. ఒకాయన నన్ను బూతులు తిట్టి, ఊపిరి పీల్చుకుని, సరే పొండి అన్నాడు. ఒకాయన ఏ కాలేజీ అని అడిగాడు. బిడ్డను ఇంజనీరింగ్‌లో వేద్దామనుకుంటున్నాడట. చెప్పాను. అయితే అక్కడ వేయనన్నాడు, మాకు మాత్రం సరే అన్నాడు.

ఎనిమిదిలో ఏడు సరేలు. నాలుగో నంబరు మాదైంది. రాందాస్‌ది అయ్యేసరికి సాయంత్రమైంది. మాది రేపు పొద్దున మొదలుపెడతారు.

మార్చి 13

మధ్యాహ్నానికి అయింది. గ్రూపులో రాశాను: "ఆటో పైకి పెట్టింది నేను. లింగస్వామి తప్పేమీ లేదు." దుర్గయ్య మామ జవాబిచ్చాడు.

"సరే."

గ్రూపు పెట్టినప్పటి నుంచి ఆయన రాసిన మొదటి సరే ఇది.

సాయంత్రం రజితకు ఫోన్‌లో నిజం చెప్పాను. "నాకు గూడ పాతదని చెప్పినవ్" అన్నది. అవునన్నాను.

మార్చి 14, హోలీ

లైన్‌మన్ ముఖమంతా గులాబీ రంగుతో స్తంభం ఎక్కాడు. పదకొండున్నరకు కరెంటు ఇచ్చాడు. మొదట సుక్కమ్మత్త మోటరు. మిగతా ముగ్గురమూ ఎండలో నిలబడి చూశాము. రేపు సాయంత్రం దాకా ఇంకెవరూ వేయకూడదని లింగస్వామి అన్నాడు. దుర్గయ్య మామ వాడి వైపు చూడకుండా, "గంతే మరి" అన్నాడు.

మార్చి 16, ఆదివారం

నన్ను పెద్దరికం నుంచి తీసేశారు. ఓటింగ్ కూడా జరగలేదు. ఇప్పుడు పెద్ద సుక్కమ్మత్త. ఎట్లాగూ రోజంతా అక్కడే ఉంటుంది, నాలుగు మోటార్ల చప్పుడూ ఆమెకు వినపడుతుంది. నా డబ్బాలో ఆటో తీగను లింగస్వామి కత్తిరించాడు. ఎవరూ చెప్పలేదు, వాడే వచ్చి కత్తిరించాడు. నేను డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను.

పంట దక్కిందా అని సుక్కమ్మత్తను అడిగాను. కంకి ఎల్లితే గాని తెలవదన్నది.

మార్చి 19

నీళ్లు అడిగాను. లేవన్నది.

మార్చి 20

మళ్లీ అడిగాను. రెండు గంటలు ఇచ్చింది.

మార్చి 25

కంకి వెళ్లింది. తాలో, గింజో ఇంకా తెలియదు. రోజూ బస్సు దిగగానే ముందు ఆమె పొలం దగ్గరకే పోతున్నాను. రజిత ఫోన్‌లో నా పొలం ఎట్లా ఉందని అడిగితే చెప్పలేకపోయాను, దాన్ని చూడనే లేదు.

మార్చి 30, ఉగాది

రజిత వచ్చింది. ఇద్దరం పొలానికి పోయాము. సుక్కమ్మత్త మడిలో ఉంది. చివరి మూలన ఒక గుంట నేల మేర కంకులు తెల్లగా తేలిపోయాయి. అవి తాలు. నీళ్లు అన్నిటికన్నా చివర పారేది అక్కడికే. నేను చూస్తూ నిలబడిపోయాను. అది నా వల్లనే.

"గది పోయింది" అన్నది సుక్కమ్మత్త. "గిటు రా."

నడి మడిలోకి పోయి ఒక కంకి వంచి, గింజ గిల్లింది. గోటి మీద తెల్లటి పాలు వచ్చాయి, గింజ కడుతోంది. ఇంకో కంకి, ఇంకో గింజ. మళ్లీ పాలు. ఆమె ముఖం ఎప్పటిలాగే ఉంది, చెయ్యి మాత్రం మూడో కంకికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, గట్టిగానే ఏడ్చాను. రజిత నా భుజం మీద చెయ్యి వేసింది.

సుక్కమ్మత్త నా కాళ్ల వైపు చూసింది.

"సారూ, నీళ్లకు అడ్డం నిలవడ్డవ్. జర పక్కకు జరుగు."

జరిగాను.